కమాన్లు మార్చాక వ్యాన్ మూలుగుతోందా? క్రౌన్ పినియన్ విప్పకముందు ఇవి చూడండి

ప్రశ్న: మాది రాజమండ్రి. 13 సీట్ల టెంపో ట్రావెలర్ నడుపుతున్నాను. పెళ్లిళ్లు, అన్నవరం, మారేడుమిల్లి మీదుగా భద్రాచలం ట్రిప్పులు ఎక్కువ. బండి వెనక భాగం బాగా దిగిపోయిందని కమాన్ కట్టలు (బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు) రెండూ కొత్తవి వేయించి, ఒక్కో కట్టకు ఒక పట్టీ అదనంగా పెట్టించాను. కమాన్ వెనక చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్స్ కూడా పాతవాటికంటే కాస్త పొడవైనవి వేశారు. వెనక రెండు అంగుళాలు లేచింది. మర్నాటి నుంచే మొదటి గేరులో కదిలేటప్పుడు ఫ్లోర్ కింద వణుకు, 50 దాటాక గూఁ అని మూలుగు. ఎక్సలేటర్ వదిలితే శబ్దం మారుతుంది. బండి నిండా జనం ఉంటే చాలావరకు తగ్గిపోతుంది. ఒక గ్యారేజీలో క్రౌన్ పినియన్ (వెనక యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల జత) పోయింది, 40 వేల దాకా అవుతుంది అన్నారు. ఇంకొకరు గేర్‌బాక్స్ బేరింగ్ అంటున్నారు. ఎవరిని నమ్మాలి? కొత్త కమాన్లు తీసేయాలా? ఈలోగా భద్రాచలం బుకింగ్ ఉంది, వెళ్లొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

నమస్కారం. జవాబు సగం మీ ఉత్తరంలోనే ఉంది. కమాన్లు మార్చిన మర్నాటి నుంచే మొదలైంది, ఎక్సలేటర్ వదిలితే మారుతోంది, జనం ఎక్కితే తగ్గుతోంది. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే నేను ముందు అనుమానించేది గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణాలను. క్రౌన్ పినియన్ పళ్లు రాత్రికి రాత్రే అరిగిపోవు. పైగా నిజంగా అరిగినవైతే జనం ఎక్కినప్పుడు ఒత్తిడి పెరిగి ఇంకా గట్టిగా అరవాలి. మీ బండి అప్పుడే నెమ్మదిస్తోంది. కాబట్టి క్రౌన్ పినియన్ ఉండే డిఫరెన్షియల్‌ మీద ఇప్పుడే స్పానర్ పెట్టనివ్వకండి. పినియన్ సెట్టింగ్ ఒకసారి కదిపితే మళ్లీ సరిగ్గా కుదిర్చే చెయ్యి అన్నిచోట్లా దొరకదు. లేని జబ్బుకు ఆపరేషన్ చేసినట్టవుతుంది.

ముందు కింద ఏం మారిందో చూద్దాం. గేర్‌బాక్స్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది, దాని ఎత్తు మారలేదు. షాఫ్ట్ మధ్యలో సెంటర్ బేరింగ్ ఉంటుంది, అది కూడా ఛాసిస్‌ అడ్డపట్టీకే వేలాడుతుంది, దాని ఎత్తూ మారలేదు. వెనక యాక్సిల్ మాత్రం కమాన్లకు బిగించి ఉంటుంది. మీరు బండి వెనక భాగాన్ని రెండు అంగుళాలు లేపారంటే, ఛాసిస్‌ నుంచి చూస్తే యాక్సిల్ రెండు అంగుళాలు కిందికి పోయినట్టే. దాంతో సెంటర్ బేరింగ్ నుంచి డిఫరెన్షియల్‌కు వెళ్లే వెనక షాఫ్ట్ వాలు పెరిగింది. పొడవు షాకిల్స్ ఇంకో పని చేశాయి. కమాన్ ముందు కన్ను (చివర బోల్టు పట్టే రంధ్రం) ఉన్నచోటే ఉండి వెనక కన్ను మాత్రం కిందికి దిగింది. కమాన్ మొత్తం వెనక్కి వాలింది, దానితోపాటు యాక్సిల్ కూడా తిరిగి పినియన్ ముక్కు, అంటే షాఫ్ట్ వచ్చి కలిసే ముందు కొస, పైకి లేచింది.

ఈ రెండు మార్పులూ యూ జాయింట్లకు (షాఫ్టులు వంపులోనూ తిరిగేలా కలిపే కీళ్లకు) ఎందుకు పడవో చెబుతాను. రెండు షాఫ్టులు ఒకే గీతలో ఉంటే జాయింట్ మధ్యలోని ప్లస్ ఆకారపు ముక్క, అంటే క్రాస్, హాయిగా తిరుగుతుంది. మధ్యలో వంపు ఉన్నప్పుడు మాత్రం, ఇవతలి షాఫ్ట్ సమానమైన వేగంతో తిరుగుతున్నా అవతలిది ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచుకుని రెండుసార్లు తగ్గుతుంది. 3 డిగ్రీల వంపు దగ్గర ఈ హెచ్చుతగ్గు 0.14 శాతం దాకా ఉంటుంది, 10 డిగ్రీల దగ్గర 1.5 శాతం దాటుతుంది. వంపు రెట్టింపైతే హెచ్చుతగ్గు దాదాపు నాలుగు రెట్లవుతుంది. అందుకే కంపెనీవాళ్లు జాయింట్లను జతగా అమరుస్తారు. ఒక జాయింట్ పుట్టించిన కుదుపును తర్వాతి జాయింట్ రద్దు చేస్తుంది. అయితే రెండింటి వంపులూ సమానంగా ఉండాలి, క్రాస్‌ను పట్టుకునే రెండు చివర్ల యోక్‌లూ వరుస తప్పకుండా ఉండాలి. మీ బండిలో ఆ సమానత్వం చెడిందని నా అంచనా.

మొదటి గేరు వణుకు కూడా ఇక్కడి నుంచే వస్తుంది. బండి కదిలేటప్పుడు చక్రాల మీద పడే బలానికి యాక్సిల్ వెనక్కి మెలితిరగబోతుంది. కమాన్ పట్టీలు కాస్త వంగి పినియన్ ముక్కును ఇంకొంచెం పైకి పోనిస్తాయి. ఇప్పటికే లేచి ఉన్న ముక్కు ఇంకా లేస్తే రెండు జాయింట్ల మధ్య తేడా మరింత పెరుగుతుంది. ఆ కుదుపంతా సెంటర్ బేరింగ్ రబ్బరు మీద పడి ఫ్లోర్ వణుకుతుంది. క్లచ్ ప్లేట్ తేడా చేసినా కదిలేటప్పుడు ఇలాంటి జర్కే వస్తుంది. కానీ దానికి 50 దాటాక మూలుగుతో సంబంధం ఉండదు, జనం ఎక్కితే తగ్గదు.

రోడ్డు మీద చేసి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వీటికి పైసా ఖర్చు లేదు. చదునుగా, ఖాళీగా ఉండే రోడ్డు చూసుకోండి, ఘాట్ మీద మాత్రం వద్దు. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని శబ్దం రాయమనండి, మీ దృష్టి రోడ్డు మీదే ఉండనివ్వండి. శబ్దం బాగా వచ్చే వేగంలో క్లచ్ నొక్కి న్యూట్రల్ చేసి బండిని దానంతట దాన్ని పోనివ్వండి. ఇంజిన్ ఆపకూడదు, ఆపితే బ్రేక్ బూస్టర్ సాయం పోతుంది. ఇంజిన్ చప్పుడు తగ్గినా మూలుగు బండి వేగంతోపాటే మెల్లగా తగ్గుతుంటే సమస్య గేర్‌బాక్స్ వెనకాల ఉంది. న్యూట్రల్ చేయగానే పూర్తిగా ఆగిపోతే మాత్రం తొందరపడకండి. ఇంజిన్, గేర్‌బాక్స్ కావచ్చు, లోడు మీద మాత్రమే మాట్లాడే జాయింటూ కావచ్చు. దాన్ని విడదీయడానికి ఒకే వేగాన్ని రెండు గేర్లలో నడిపి చూడండి. 60లో నాలుగో గేరులోనూ ఐదో గేరులోనూ శబ్దం స్వరం (ఎంత సన్నం, ఎంత బొంగురు అన్నది) ఒకేలా ఉంటే అది షాఫ్ట్, డిఫరెన్షియల్, చక్రాల వైపుది. గేరుతోపాటు మారితే ఇంజిన్, గేర్‌బాక్స్ వైపుది. మీ రెండో మెకానిక్ చెప్పిన గేర్‌బాక్స్ బేరింగ్ మాట ఈ ఒక్క పరీక్షతో చాలావరకు తేలుతుంది.

చక్రాల హబ్ బేరింగ్, టైర్ల సంగతి త్వరగానే తేలుతుంది. స్టీరింగ్ కొద్దిగా ఎడమకీ కుడికీ తిప్పినప్పుడు శబ్దం పెరిగి తగ్గుతుంటే హబ్ బేరింగ్. సిమెంట్ రోడ్డు నుంచి తారు రోడ్డుకు మారగానే శబ్దం మారితే టైర్లు. ఎక్సలేటర్ వదిలితే శబ్దం మారుతోందని మీరే రాశారు కాబట్టి ఈ రెండూ నాకు దూరంగానే కనిపిస్తున్నాయి. స్పీడ్ బ్రేకర్ల మీద వచ్చే కిర్రుమనే చప్పుడైతే కొత్త పట్టీలదీ బుష్‌లదీ, దాన్ని ఈ లెక్కలో కలపకండి.

మీ ఫోన్‌లో శబ్దం, కంపనం సెకనుకు ఎన్నిసార్లో చూపించే యాప్ ఏదైనా వేసుకుంటే ఇంకో ఆధారం దొరుకుతుంది. లెక్క ఇలా ఉంటుంది. టైరు చుట్టుకొలత 2.15 మీటర్లు అనుకుంటే 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు 8 చుట్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అయితే షాఫ్ట్ 31 చుట్లు తిరుగుతుంది. యాప్‌లో 8 దగ్గర ముల్లు లేస్తే చక్రం లేదా టైరు. 31 దగ్గర లేస్తే షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పింది లేదా సొట్టపడింది. 62 దగ్గర, అంటే చుట్టుకు రెండుసార్లు వస్తే అది యూ జాయింట్ కోణాల పని. క్రౌన్ పినియన్ పళ్ల శబ్దం వీటన్నిటికంటే చాలా పైన, కూత లాగా ఉంటుంది. మీ బండి అసలు టైరు కొలత, నిష్పత్తి వేసి లెక్క మీరే కట్టుకోండి.

ఇక బండి కిందికి వెళ్దాం. ఇక్కడ చాలా గ్యారేజీల్లో ఒక పొరపాటు జరుగుతుంది. ఛాసిస్‌కు జాకీ పెట్టి చక్రాలు వేలాడదీసి, గేరు వేసి తిప్పి, ‘చూడండి ఎలా ఊగుతోందో’ అంటారు. యాక్సిల్ వేలాడుతుంటే కోణాలన్నీ తప్పుడువే, ఆ ఊపును చూసి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. బండి బరువు చక్రాల మీదే ఉండాలి. ర్యాంపు గానీ గుంత గానీ ఉన్న షెడ్డు అయితే మంచిది. లేకపోతే స్టాండ్లు యాక్సిల్ హౌసింగ్ కిందే పెట్టించండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని ఎవరినీ కిందికి దూరనివ్వొద్దు.

మొదట షాఫ్ట్ మీది గుర్తులు వెతకండి. కమాన్లు మార్చేటప్పుడు షాఫ్ట్ విప్పి ఉంటే, షాఫ్ట్ ఒక ముక్కలోకి ఇంకోటి పళ్లతో దిగే చోట, అంటే జారుడు స్ప్లైన్ దగ్గర, ఒకటి రెండు పళ్లు అటూ ఇటూ తిప్పి ఎక్కించి ఉండవచ్చు. అప్పుడు యోక్‌ల వరుస తప్పుతుంది, కోణాలు సరిగా ఉన్నా కుదుపు రద్దు కాదు. కంపెనీ నుంచి వచ్చిన బాణం గుర్తులు స్ప్లైన్‌కు రెండు వైపులా ఉంటాయి, మట్టి గీకి చూడండి. అవి ఎదురెదురుగా ఉండాలి. గుర్తులు చెరిగిపోతే మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో యోక్‌ల వరుస ఎలా చూపారో అలా కుదిర్చాలి, కంటి అంచనాతో వద్దు. ఇది అరగంట పని, తప్పు ఇక్కడే ఉంటే ఖర్చు కూడా ఇక్కడితోనే ఆగుతుంది. అక్కడ ఉండగానే ఫ్లేంజ్ (షాఫ్ట్‌ను కలిపే గుండ్రటి పళ్లెం) బోల్టుల బిగుతు, షాఫ్ట్‌కు వెల్డ్ చేసిన బ్యాలెన్స్ ముక్కలు ఊడాయా అన్నది, సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగిందా అన్నది, క్రాస్‌లలో ఆట (వదులు) ఉందా అన్నది చూడండి. షాఫ్ట్ పట్టుకుని గట్టిగా అటూ ఇటూ మెలితిప్పితే క్రాస్ ఆట చేతికే తెలుస్తుంది. క్రాస్ కొనలకు ఉండే కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలుతుంటే ఆ క్రాస్ ఎండిపోయిందన్నమాట.

తర్వాత యాక్సిల్ తిన్నగా కూర్చుందో లేదో చూడాలి. కమాన్ కట్ట సెంటర్ బోల్టు తల యాక్సిల్ సీటులోని గుంటలో సరిగ్గా దిగాలి. దిగకుండానే కమాన్‌ను యాక్సిల్‌కు పట్టే యూ బోల్టులు బిగిస్తే యాక్సిల్ ఒక పక్క ముందుకు, ఇంకో పక్క వెనక్కి పోతుంది. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా రెండు పక్కలా టేపుతో కొలవండి. స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు రెండు కొలతలూ ఒకటే రావాలి.

ఇవి బాగుంటే అప్పుడు కోణాలు. అయస్కాంతంతో అతుక్కునే డిజిటల్ యాంగిల్ గేజ్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, లేకపోతే ఫోన్ లెవెల్ యాప్ కూడా పనికొస్తుంది. బండిని చదునైన నేల మీద పెట్టి నాలుగు చోట్ల వాలు రాసుకోండి: గేర్‌బాక్స్ వెనక ఫ్లేంజ్, ముందు షాఫ్ట్ గొట్టం, వెనక షాఫ్ట్ గొట్టం, పినియన్ ఫ్లేంజ్. ఫ్లేంజ్ నిలువు ముఖం మీద పెట్టినప్పుడు నిలువు నుంచి ఎంత వాలిందో రాయాలి. పక్కపక్కన ఉన్న రెండింటి తేడాయే ఆ జాయింట్ వంపు.

లెక్క అర్థం కావడానికి ఊహించిన అంకెలు చెబుతాను. మీ బండివి వేరుగా ఉంటాయి. పాత కమాన్లతో గేర్‌బాక్స్ వెనక్కి 3 డిగ్రీలు, ముందు షాఫ్ట్ 4, వెనక షాఫ్ట్ 7, పినియన్ 4 డిగ్రీలు వాలి ఉన్నాయనుకోండి. మొదటి జాయింట్‌లో వంపు 1, రెండో దాంట్లో 3, మూడో దాంట్లో 3. రెండోదీ మూడోదీ సమానం, ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకున్నాయి. మొదటిది చిన్నది కాబట్టి ఇబ్బంది లేదు. ఇప్పుడు బండి లేచాక వెనక షాఫ్ట్ 9.5 అయింది, పొడవు షాకిల్ వల్ల పినియన్ 7 అయింది. రెండో జాయింట్ వంపు 5.5, మూడోది 2.5. మూడు డిగ్రీల తేడా. మూలుగు వచ్చేది ఇలాంటి అమరికలోనే. మామూలుగా ఈ తేడా ఒక డిగ్రీ లోపు ఉండాలి, వంపులు కూడా వీలైనంతవరకు మూడు డిగ్రీల చుట్టుపక్కలే ఉంటే జాయింట్లు ఎక్కువ కాలం మన్నుతాయి. అలాగని సున్నా చేయకూడదు. కనీసం అర డిగ్రీ వంపైనా లేకపోతే క్రాస్ లోపలి సూది రోలర్లు కదలక ఒకేచోట గాట్లు పెడతాయి.

ఈ కొలతలు రెండుసార్లు తీయండి. ఒకసారి ఖాళీ బండితో, ఇంకోసారి పది మందిని ఎక్కించి. నా దృష్టిలో మీ పరీక్షలన్నిటిలో ఇదే ముఖ్యమైనది. జనం ఎక్కినప్పుడు రెండో, మూడో జాయింట్ల తేడా తగ్గి, అదే సమయంలో శబ్దమూ తగ్గితే కారణం దొరికినట్టే. అప్పుడు ఎవరు క్రౌన్ పినియన్ అన్నా ఆ కాగితం చూపించండి.

సరిచేయడం ఎలా అంటే, కొత్త కమాన్లు తీసేయనక్కర్లేదు. నేనైతే ముందు ఆ పొడవు షాకిల్స్ తీసి కంపెనీ కొలత షాకిల్స్ వేయిస్తాను. ముక్కు పైకి లేవడానికి అవే పెద్ద కారణం, ఎత్తు కూడా కొంత దిగుతుంది. దాంతోనే శబ్దం పోతే ఇంకేమీ ముట్టుకోవద్దు. ఇంకా తేడా ఉంటే సెంటర్ బేరింగ్ బ్రాకెట్‌కు, ఛాసిస్‌ పట్టీకి మధ్య ఇనుప స్పేసర్లు పెట్టి బేరింగ్‌ను కాస్త దించవచ్చు. పై లెక్కలోనే చూడండి: బేరింగ్ దించితే ముందు షాఫ్ట్ 5, వెనక షాఫ్ట్ 8.5 అవుతాయనుకుందాం. రెండో జాయింట్ 3.5కి వచ్చింది. పినియన్‌ను కూడా 7 నుంచి 5కి దించితే మూడోదీ 3.5. మళ్లీ సమానం. పినియన్ దించడానికి కమాన్‌కు, యాక్సిల్ సీటుకు మధ్య రెండు డిగ్రీల టేపర్ ప్లేటు వేస్తారు. కమాన్ యాక్సిల్ పైన కూర్చునే బండిలో ప్లేటు మందం వైపు ముందుకు పెడితే ముక్కు కిందికి దిగుతుంది. కమాన్ యాక్సిల్ కింద ఉండే బండిలో దీనికి తిరగేసి. ప్లేటు స్టీలుదై ఉండాలి, దాని మందానికి తగ్గ పొడవు సెంటర్ బోల్టు వేయాలి. రేకు ముక్కలు మడిచి దూర్చడం మాత్రం ఒప్పుకోవద్దు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట కమాన్ల పని చేసేవాళ్లు, షాఫ్ట్ బ్యాలెన్స్ చేసేవాళ్లు దగ్గర దగ్గరలోనే ఉంటారు కాబట్టి ఒకే ప్రయాణంలో రెండు పనులూ అవుతాయి. కానీ కొలతల కాగితం చేతిలో పెట్టుకునే వెళ్లండి.

యూ బోల్టులు విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయించండి. పాతవి ఒకసారి సాగి ఉంటాయి, బిగుతు నిలవదు. టార్క్ రెంచ్‌తో బిగించాలి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. కమాన్ కన్నుల్లో రబ్బరు బుష్‌లు ఉంటే వాటి బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరుగా బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. ఇది శబ్దంకంటే ముఖ్యం. చాలా వ్యాన్లలో వెనక యాక్సిల్‌కు, ఛాసిస్‌కు మధ్య ఒక చిన్న లివర్‌తో బ్రేక్ వాల్వ్ ఉంటుంది. బండిలో ఎంత బరువుందో ఎత్తును బట్టి గ్రహించి వెనక బ్రేకులకు ప్రెషర్ పంపుతుంది. రెండు అంగుళాలు లేచిన బండిని అది ఖాళీ బండి అనుకుంటుంది. 13 మంది ఉన్నా వెనక బ్రేకులకు తక్కువ ప్రెషర్ ఇస్తుంది. మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు దాని అర్థమేమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. మీ బండికి ఆ లివర్ ఉంటే కొత్త ఎత్తుకు సెట్ చేయించండి. వెనక బ్రేక్ గొట్టం, హ్యాండ్ బ్రేక్ కేబుల్, ఏబీఎస్ వైరు ఉంటే అదీ, యాక్సిల్ పూర్తిగా కిందికి దిగినప్పుడు బిర్రుగా లాగుకుపోతున్నాయేమో చూడండి. అదనపు పట్టీ వేసినంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు. యాక్సిల్, టైర్లు, బ్రేకులు పాతవే.

ఇంత చేశాక కూడా శబ్దం మిగిలితే అప్పుడు డిఫరెన్షియల్ దగ్గరికి వెళ్లండి, అదీ ఆయిల్‌తో మొదలుపెట్టి. ఆయిల్ దించి డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం చూడండి. సన్నటి బూడిదలాంటి పేస్టు మామూలే. చేతికి గుచ్చుకునే తునకలు, పొరలు కనిపిస్తే లోపల నిజంగా పాడైంది. పినియన్ ఫ్లేంజ్ పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఆట ఉన్నా, సీల్ దగ్గర ఆయిల్ కారుతున్నా పినియన్ బేరింగ్ చూపించాలి. తప్పు కోణాలతో చాలా రోజులు తిప్పితే ముందు పోయేవి క్రాస్‌లు, సెంటర్ బేరింగ్, ఆ తర్వాత పినియన్ బేరింగే.

చివరగా భద్రాచలం బుకింగ్. షాఫ్ట్, క్రాస్‌లు, సెంటర్ బేరింగ్ రబ్బరు, బ్రేక్ లివర్ చూడకుండా జనాన్ని ఎక్కించుకుని వెళ్లొద్దు. క్రాస్ విరిగి షాఫ్ట్ ముందు చివర ఊడితే అది రోడ్డుకు గుచ్చుకుని బండిని ఎత్తి పడేయగలదు. ఈ నాలుగూ చూడటానికి ఒక పూట చాలు. అవి బాగుండి, కోణాలు మాత్రమే తేడాగా తేలితే పాత షాకిల్స్ వేయించి, ఖాళీ బండితో ఊరి చుట్టూ ఒకసారి తిప్పి చూసుకుని వెళ్లండి. క్రాస్‌లో ఆట కనిపించినా, రబ్బరు చిరిగినా ఆ ట్రిప్పుకు ఇంకో బండి మాట్లాడి పంపించండి.